పాత రేవులో చెక్క

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అంటారు, వెనక ఇసుకమ్మ అంటారు. రెండూ ఆమెకు వినిపిస్తాయి. వయసు మళ్లినవాళ్లను విహారయాత్రలకు తీసుకెళ్లే కంపెనీ అది. ఫలానా చోటికి పెద్దవాళ్లను పంపవచ్చా, పంపకూడదా అని ముందుగా వెళ్లి తేల్చుకుని వచ్చే ఉద్యోగం ఆమెది. హోటలువాళ్లు ఇచ్చిన కాఫీ తాగి, కిటికీలోంచి ఓసారి చూసి, బాగుందని రాసిచ్చే రకం కాదు. రెండు కాళ్లకూ ఇసుక నింపి కుట్టిన సంచులు కట్టుకుంటుంది. కళ్లద్దాలకు నూనె పూసుకుంటుంది. చెవుల్లో దూది కుక్కుకుంటుంది. చేతులకు మందపాటి తొడుగులు వేసుకుంటుంది. యాభై దాటిన మనిషి ఎనభై దాటిన మనిషై, మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా, స్నానాలగది నుంచి భోజనాల హాలు దాకా, అక్కణ్ణుంచి బస్సు మెట్ల దాకా నడిచి చూస్తుంది. పెద్దవాళ్లు ఎక్కడ నొప్పో చెప్పరు, చెబితే పిల్లలు ఇంకోసారి ఎక్కడికీ పంపరని వాళ్ల భయం, అందుకే ఆ నొప్పేదో నేనే పడి వస్తానంటుంది.

ఆమె పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. తన నడక అయ్యాక ఆ చోటు ఎవరిదో ఆ యజమాని కూడా అదే వేషం వేసుకుని అదే దారి నడవాలి. గుమాస్తాను పంపుతానంటే కుదరదు. నడవనంటే సంతకం లేదు. మొదట్లో కంపెనీవాళ్లు నవ్వారు గానీ, కొండమీద బంగళా కట్టిన ఒక పెద్దమనిషి తన స్నానాలగది గడప తానే తన్నుకుని బోర్లాపడి మర్నాడే మేస్త్రీని పిలిపించాక నవ్వడం మానేశారు. వాళ్లకు తెలియనిది ఒకటుంది. ఆ నియమం పెట్టినప్పుడు ఇసుకమ్మ మనసులో ఉన్నది ఒక్క మనిషే. ఎప్పుడో ఒకప్పుడు అతను తన చేతికి చిక్కకపోతాడా అని కాచుక్కూర్చుంది. చిక్కాడు. తానై వచ్చి చిక్కాడు.

పెద్ద సరస్సు, ఒడ్డున హోటలు, సొంత పడవలు, కొత్త రేవు, పెద్దవాళ్లకు కావలసిన హంగులన్నీ ఉన్నాయి, వచ్చి చూడండి అని కంపెనీకి కబురు పెట్టాడు. కంపెనీ సరేనంటే ఏడాది పొడుగునా బస్సులు వచ్చి ఆగుతాయి. కాదంటే అప్పు చేసి కట్టిన ఆ గదులన్నీ గబ్బిలాలకే. పటం మీద ఆ సరస్సు పేరు చూడగానే ఇసుకమ్మ, ఇంకెవరూ నోరు తెరవకముందే, నేను వెళ్తానంది.

పాత సంగతి చెప్పకపోతే ఈ కథకు కాళ్లుండవు. పన్నెండేళ్ల కిందట ఇసుకమ్మ అత్తగారు ఈ సరస్సు చూడాలని ముచ్చటపడింది. అత్తాకోడళ్లంటే ఉప్పూ నిప్పూ అని లోకం అనుకుంటుంది గానీ వీళ్లిద్దరూ ఒకే కంచంలో తినే రకం. అప్పట్లో ఈ పడవలాయనకు ఉన్నది ఒక్క పడవే. రాతిమెట్ల మీంచి పడవ అంచు మీదికి ఒక చెక్క వేసి జనాన్ని ఎక్కించేవాడు. ఆ చెక్కకు తాడూ లేదు, మేకూ లేదు. కారు నీడలో పెట్టి వస్తానని భర్త వెనకపడ్డాడు. కోడలు అత్తగారి మణికట్టు గట్టిగా పట్టుకుని ముందు తాను ఎక్కింది, ఆవిణ్ణి ఎక్కించబోయింది. పడవ కదిలింది, చెక్క తిరగబడింది. ఆ ఏడు నీళ్లు తక్కువ, మెట్టు రాయి బయటికి ఉంది. అత్తగారి తుంటి సరిగ్గా దానికే తగిలింది. కోడలు కూడా మీద పడింది, అప్పటికీ ఆవిడ మణికట్టు చేతిలోనే ఉంది.

పరుగెత్తుకొచ్చిన భర్తకు ముందుగా ఎదురుపడ్డది పడవలాయన. మీ ఆవిడ ఫొటో తీసుకుంటూ అమ్మగారి చెయ్యి వదిలేసిందండీ, నేను వద్దంటూనే ఉన్నాను అన్నాడు. ఆసుపత్రిలో అదే అన్నాడు, చుట్టాలందరి ముందూ అదే అన్నాడు. ఆమె మెడలో కెమెరా ఉన్న మాట నిజమే. చెయ్యి వదిలిందన్నది పచ్చి అబద్ధం. నరం లేని నాలుక, ఆ ఒక్క అబద్ధంతో తన పడవ నిలబెట్టుకున్నాడు.

"వదల్లేదర్రా, పట్టుకునే ఉంది" అని అత్తగారు మంచంలోంచి ఎందరికి చెప్పిందో లెక్కలేదు. విన్నవాళ్లంతా కళ్లు తుడుచుకుని, ఎంత మంచి మనసమ్మా, కోడల్ని ఎలా వెనకేసుకొస్తోందో చూడండి అనేవారు. ఆవిడ ఎంత గట్టిగా చెబితే వాళ్లకు ఆవిడ మంచితనం అంత గొప్పగా కనబడేది. మూడేళ్లు మంచంలోనే ఉండి అలాగే కన్నుమూసింది. ఆ మూడేళ్లూ ఎత్తి దించింది, తిప్పి పడుకోబెట్టింది, ఒళ్లు తుడిచింది కోడలే. దానికీ జనం పేరు పెట్టారు, చేసిన పాపం కడుక్కుంటోందని.

భర్త డ్రాయింగు మాస్టారు. మెత్తటి మనిషి. ఆ విషయం గురించి ఆమెను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అన్నిటికన్నా పెద్ద తిట్టు. అంటే తానూ నాలుగు అని కడుపుబ్బరం తీర్చుకునేది. ఆయన అనడు. కానీ ఎక్కడైనా ఎవరో ముసలాయన్ని ఆమె రోడ్డు దాటిస్తుంటే వెనకనుంచి నెమ్మదిగా, గట్టిగా పట్టుకో అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లంతా కారం రాసినట్టుండేది. ఆయనకు ఆ సంగతి తెలుసో తెలియదో భగవంతుడికెరుక.

కంపెనీ పుస్తకానికి బొమ్మలు వేసే పని రిటైరయ్యాక మాస్టారిది. గదులు, మెట్లు, రేవులు ఉన్నవి ఉన్నట్టు గీస్తాడు. ఈసారి ఎక్కడికో చెప్పినప్పుడు ఆయన పెన్సిలు చెక్కుతున్నాడు. "అక్కడికేనా?" అన్నాడు. అక్కడికే, మీరూ రండి అందామె. ఆయన మళ్లీ పెన్సిలు చెక్కుకోసాగాడు.

దారి పొడుగునా ఆమె నోట్లో ఒకే మాట నానుతూ వచ్చింది. పనికిరాదు. ఆ ఒక్క మాట రాస్తే చాలు, అతని హోటలు మూత పడుతుంది. ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతుందా? పెద్దవాళ్లకు సరిపడేలా కట్టిన ఇల్లు లోకంలో ఒక్కటి కూడా లేదని ఆమె అనుభవం.

తీరా చూస్తే ఈ హోటల్లో తప్పు దొరకలేదు. ఇసుక సంచులు కట్టుకుని గది గది తిరిగింది. మంచాలు కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తున ఉన్నాయి. స్నానాలగదికి గడప లేదు. దీపం మీట పడుకున్న చోటునుంచే అందుతోంది. కుళాయి తొడుగుల చేత్తో కూడా తిరిగింది. కుర్చీలన్నిటికీ చేతులున్నాయి, లేవడానికి ఆసరాగా. సరస్సు పక్క నడకదారిలో ఆయాసం వచ్చే లోపల ఒక బల్ల, బల్ల పక్కనే నీడ, రెండు బల్లలు దాటితే మరుగుదొడ్డి. చదునైన దారి, గుంటా లేదు, గులకరాయీ లేదు. కొత్త రేవుకు రెండు పక్కలా నున్నటి కడ్డీలు. పడవకు ముందూ వెనకా తాళ్లు. మంచమంత వెడల్పు వంతెన, దానికీ కడ్డీలు.

ఆ కడ్డీ పట్టుకుని నిలబడేసరికి ఇసుకమ్మకు కోపం నషాళానికి అంటింది. తప్పు చేయనివాడికి ఇంత జాగ్రత్త ఎక్కడిది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే ఊరంతా కడ్డీలు నాటాడు. ప్రతి కడ్డీ ఒక ఒప్పుకోలే. ఒప్పుకున్నవాడు ఆ మాట నోటితో ఎందుకు చెప్పలేదు? ఇంటికొచ్చి, అమ్మా, ఆ రోజు అబద్ధమాడానని ఒక్క మాట అంటే అతని సొమ్మేం పోయింది? కడ్డీలకు ఇనుము దొరికింది గానీ నోటికి మాట దొరకలేదు కాబోలు.

పడవలాయన ఆమెనూ గుర్తుపట్టలేదు, మాస్టారినీ గుర్తుపట్టలేదు. వేలమందిని ఎక్కించి దించిన మనిషి, పైగా ఇద్దరి జుట్టూ నెరిసింది, ఇద్దరి కళ్లకూ దళసరి అద్దాలొచ్చాయి. అతనికిప్పుడు అరవై దాటాయి. పొట్ట వచ్చింది, నవ్వు పెద్దది, మాట తీపి. అమ్మా అమ్మా అంటూ వెంట తిరిగాడు. అతని భార్య వంటిల్లు చూసుకుంటుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మొగుడి గురక దగ్గర్నుంచి మేస్త్రీ ఎగ్గొట్టిన పని దాకా భోజనం వడ్డించే లోపలే చెప్పేసింది.

భోజనాలయ్యాయి. ఆవిడ కాఫీ తేవడానికి లోపలికి వెళ్లింది. మాస్టారు కడ్డీల బొమ్మ గీస్తూ, పనితనం బాగుందన్నాడు. అంతే, పడవలాయనకు హుషారొచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"దాని వెనక ఒక కథుంది మాస్టారూ. చాన్నాళ్ల కిందట ఒక పెద్దావిడ పడింది. కోడలు నిర్లక్ష్యం. పక్కనే ఉండి చెయ్యి వదిలేసింది, ఫొటోల పిచ్చి. ఈ రోజుల్లో కోడళ్లని నమ్ముకుంటే అయ్యేదా? అందుకే మనుషుల్ని నమ్మకుండా కడ్డీలు పెట్టించాను."

వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి నున్నబడిన మాటలవి. ఆమె పరువును హోటలు ప్రచారానికి వాడుకుంటున్నాడు. ఇసుకమ్మ పడవలాయన వంక చూడలేదు. భర్త వంక చూసింది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని చూసింది. ఆ కోడలు మా ఆవిడేనండీ అని అయినా, అలా అనకండి అని అయినా. మాస్టారు తల దించుకుని, గీసిన గీతను రబ్బరుతో చెరిపాడు. మళ్లీ అదే గీత గీశాడు.

అప్పుడు తేల్చుకుంది. పనికిరాదని రాస్తే పోయేది అతని హోటలు. తన పేరు తనకు రాదు. పైగా అది తన ఉద్యోగానికి ద్రోహం, అంత బాగా కట్టిన గదులు మరి. ఆమెకు కావలసింది అతని సొమ్ము కాదు, అతని నోరు. ఈ మాస్టారు వింటుండగా ఆ నోరు తెరుచుకోవాలి.

కాఫీ తాగకుండానే లేచి కొత్త రేవుకు వెళ్లింది. అక్కడ తాళ్లు సర్దుకుంటున్న పడవ నడిపే అతన్ని, ప్రతి సరస్సు దగ్గరా అడిగే ప్రశ్నే అడిగింది. గాలి లేస్తే జనాన్ని ఎక్కడ దించుతారు? అతను బుర్ర గోక్కున్నాడు. మధ్యాహ్నం దాటితే ఇక్కడ గాలి ఎక్కువండీ, పడవ నిలవదు, అప్పుడు ఆ పాత మెట్ల దగ్గరికి పోతాం, అక్కడ చాటుగా ఉంటుంది అని చెయ్యి చూపించాడు. రోజూనా అంది. వేసవంతా దాదాపు రోజూనండీ అన్నాడు.

వెళ్లి చూసింది. అవే రాతిమెట్లు. కడ్డీ లేదు. మెట్టుకు ఆనించి ఒక చెక్క. అదే కాకపోతే దాని చెల్లెలు. తాడూ లేదు, మేకూ లేదు. పొద్దున వచ్చేవాళ్ల కళ్లకు కనబడేదంతా కొత్త రేవులో కట్టి, మధ్యాహ్నం దిగేవాళ్లను ఈ చెక్క మీదికి వదిలేస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్లను చూశాం గానీ, ఆకులు పట్టుకుని మళ్లీ చేతులు కాల్చుకునేవాణ్ణి ఇక్కడే చూశాననుకుంది. నీళ్లెంత లోతని అడిగింది. పడవ నడిపే అతను తెడ్డు ముంచి చూపించాడు. ఈ ఏడు నీళ్లు బాగా ఉన్నాయి, నడుములోతు, అడుగున మెత్తటి బురద, రాళ్లు ఎక్కడో కింద. మనిషి పడితే తడుస్తాడు, అంతే. తడవడం చాలదు, పడవలాయన ఎముక విరిగితే బాగుండునని ఆమెకు ఒక్క క్షణం అనిపించలేదంటే అది అబద్ధమే. ఆ క్షణం దాటిపోయింది.

వెనక్కి వచ్చి, ఇక మీ వంతండీ అంది పడవలాయనతో. నియమం ముందే తెలుసు కాబట్టి అతను సిద్ధంగానే ఉన్నాడు. సరదాగా కాళ్లు చాపాడు. ఇసుకమ్మ వంగి సంచులు తానే కట్టింది. తొడుగులు వేసింది. నూనె అద్దాలు పెట్టింది. భార్య చూసి, పెళ్లినాడు కూడా ఇంత ముస్తాబు కాలేదు ఈయన అని నవ్వింది. నేను పుట్టిందే నీళ్లలో, నాకీ పరీక్షేంటి అని అతనూ నవ్వాడు. చెవుల్లో దూది పెడుతూ, గాలి లేచింది కదండీ, పాత మెట్ల దగ్గరికే పోదాం అందామె. అతని నవ్వు కొంచెం తగ్గింది. అక్కడికెందుకమ్మా అన్నాడు. వేసవంతా మా వాళ్లను దించేది అక్కడేనటగా అంది. పడవ నడిపే అతను నేల చూపులు చూశాడు.

అందరూ కదిలారు. మాస్టారు అట్ట చంకలో పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. పడవలాయన భార్య కొంగు నడుముకు దోపుకుని ఆయన పక్కన నిలబడింది. మెట్లు దిగేసరికే పడవలాయనకు రొప్పు వచ్చింది. చెక్క దగ్గర ఆగిపోయాడు. నూనె అద్దాల్లోంచి నీళ్లూ చెక్కా ఒకేలా కనబడతాయి, ఆ సంగతి ఇసుకమ్మకు బాగా తెలుసు. పాదం పెట్టాడు, తీశాడు. మళ్లీ పెట్టాడు. ఈ ఒడ్డున తనకంటే పెద్ద మొనగాడు లేడనుకున్న మనిషి గాల్లో చెయ్యి చాచాడు.

"కాస్త చెయ్యి పట్టుకోమ్మా."

పట్టుకుంది. ఆ రోజు ఎలా పట్టుకుందో అలాగే, మణికట్టు దగ్గర, నాలుగు వేళ్లూ బొటనవేలూ కలిసేలా పట్టుకుంది. ముందు తాను వెనక్కి నడుస్తూ పడవ ఎక్కింది. రండి, పట్టుకునే ఉన్నాను అంది. అతను రెండడుగులు వేశాడు. గాలికి పడవ కదిలింది. చెక్క ఒక పక్కకు ఒరిగి, తిరగబడింది. అతను నీళ్లలో పడ్డాడు, అతని వెంట ఆమె కూడా పడింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

గట్టు మీంచి అతని భార్య గొంతు సరస్సంతా వినబడింది.

"అమ్మా, నీ తప్పేం లేదు, నేను చూస్తూనే ఉన్నా! నువ్వు చెయ్యి వదల్లేదు, ఆ దిక్కుమాలిన చెక్కే తిరగబడింది. ఆ పెద్దావిడ పడ్డప్పుడూ ఇంతేగా, ఆ రోజూ ఈ గట్టు మీంచే చూశా. ఆ కోడలు పిల్ల కూడా ఇలాగే పట్టుకునే ఉంది పాపం. కట్టండి మహాప్రభో, ఆ చెక్క కట్టండి అని అప్పట్నుంచీ మొత్తుకుంటున్నా, వింటేగా ఈయన!"

పడవలాయన నడుములోతు నీళ్లలో నిలబడి దగ్గుతున్నాడు. ఇసుకమ్మ ఒక చేత్తో అతని మణికట్టు అలాగే పట్టుకుని, రెండో చేత్తో అతని మొహం మీది అద్దాలు తీసింది. చెవుల్లోంచి దూది లాగి పారేసింది. అతను ఆమె మొహంలోకి చూశాడు. చూసి, గట్టు మీది మాస్టారి వంక చూశాడు. మళ్లీ ఆమె వంక చూశాడు.

"ఆ కోడల్ని నేనే. అక్కడున్నాయన ఆ పెద్దావిడ కొడుకు. ఆ రోజు ఆయనకి చెప్పారుగా, ఇవాళ కూడా ఆయనకే చెప్పండి."

అతను మణికట్టు విడిపించుకోబోయాడు. ఆమె బిగించింది. మూడేళ్లు ఒక మనిషిని ఎత్తి దించిన చేతులవి, అంత తేలిగ్గా వదలవు. భార్యకు అప్పటికి సంగతి అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నోరు మూసుకోవడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి అయివుంటుంది.

"పట్టుకునే ఉందండీ మాస్టారూ" అన్నాడు పడవలాయన. "అమ్మగారి చెయ్యి వదల్లేదు. పడవ పోతుందని భయమేసి అలా అన్నాను."

అప్పుడు వదిలింది ఇసుకమ్మ. ఆమెకు జాలి కలగలేదు. పన్నెండేళ్లుగా కడుపులో మండుతున్నది చల్లబడింది, ఆ చల్లదనం బాగుంది, దాచుకోవడం ఎందుకు? పడవ నడిపే అతను చెయ్యి అందిస్తే మెట్లెక్కి వచ్చింది. చీర పిండుకుంది. ఈ మెట్లు ఇవాళే గొలుసు కట్టి మూసేయాలని, గాలి రోజుల్లో పడవ తిప్పకూడదని, అది చూశాకే తన సంతకమని పడవలాయన భార్యతో చెప్పింది. ఆవిడ తల ఊపింది. మొగుణ్ణి పైకి లాగడానికి మాత్రం తొందరపడలేదు.

గదివైపు నడుస్తుంటే మాస్టారు పక్కకు వచ్చాడు. ఆయన అట్ట మీద కాగితం ఖాళీగా ఉంది. మొదటి బల్ల దాటారు, రెండో బల్ల దాటారు. మూడో బల్ల మీద ఆయన కూర్చున్నాడు. పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

"అతను చెప్పిందే నమ్మాను. అమ్మ అన్నిసార్లు చెప్పినా నమ్మలేదు" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. కొంగు నుంచి కారుతున్న నీళ్లు పిండుతూ ఆయన ఎదురుగా నిలబడింది.

"తెలుసు" అంది. "అందుకేగా మిమ్మల్ని కూడా తీసుకొచ్చాను."